తాతయ్య పెట్టెలో ఆంధ్రా బ్యాంక్ షేర్ కాగితం: ఎవరికైనా తెలిస్తే చెప్పండి

అందరికీ నమస్కారం. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్య ట్రంకు పెట్టెలో ఆంధ్రా బ్యాంక్ లిమిటెడ్ షేర్ సర్టిఫికెట్ దొరికింది. 1958 నాటిది, పది షేర్లు. అంచులు పురుగు కొట్టేసింది కానీ తాతయ్య పేరు, ఊదారంగు సిరా సంతకాలు చక్కగా కనిపిస్తున్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకులో మా ఇంటికీ పిసరంత వాటా ఉండేదని చూడగానే కళ్ళు చెమర్చాయి.

నాకు తెలిసినంతవరకు 1980 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆరు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఇదీ అందులో ఉంది. వ్యాపారమంతా కొత్త ప్రభుత్వ బ్యాంకుకు వెళ్ళింది, నష్టపరిహారం పాత కంపెనీకి ఇచ్చారు. మరి ఆ పాత కంపెనీ వాటాదారుల సంగతి ఏమైంది? తాతయ్యకు ఏమైనా ముట్టిందో లేదో ఇప్పుడు ఎలా తెలుసుకోవాలి? ఊళ్ళో అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు.

ఇంకొకటి. 2001లో బ్యాంకు పబ్లిక్ ఇష్యూకి వచ్చినప్పుడు నాన్నగారు కొన్న షేర్లు కూడా కాగితాల రూపంలోనే ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు వెయ్యి ఆంధ్రా బ్యాంక్ షేర్లకు 325 యూనియన్ బ్యాంక్ షేర్ల చొప్పున ఇచ్చారు కదా, అవి మా పేరు మీదకు మార్చుకోవాలంటే ముందు ఎవరిని కలవాలి? వారసత్వ ధ్రువీకరణ పత్రం సరిపోతుందా, కోర్టుకు వెళ్ళాలా? నాన్నగారు ఇప్పుడు లేరు, అమ్మకు ఈ కాగితాలంటే ప్రాణం. ఈ పని చేసిన అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.