బాపు సంతకం చేసేవాడు, దస్తావేజులో మాత్రం వేలిముద్ర ఉంది. మా భూమి మాకు వస్తుందా?

సంగెం ఆడబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది వరంగల్ జిల్లా, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు దగ్గర్లో ఒక ఊరు. ఊరి పేరు రాయడం లేదు, ఇక్కడ చదివేవాళ్లలో మావాళ్లు కూడా ఉంటారు.

మా బాపు నేతపని మనిషి. ఊళ్లో మగ్గం మీద పూట గడవక భివండి పోయి పవర్‌లూమ్‌లో పనికి కుదిరాడు. రాత్రి పాళీలు చేసి కూడబెట్టిన పైసలతో 1996లో ఊళ్లో ఎకరం ముప్పై గుంటలు (ఎకరానికి నలభై గుంటలు) కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది, పట్టాదారు పాసుబుక్ కూడా బాపు పేరు మీదే వచ్చింది. మేమంతా భివండిలోనే ఉండేవాళ్లం కాబట్టి సాగు పెద్దబాపు చూసుకునేవాడు. పత్తి ఏనుమాముల మార్కెట్‌లో అమ్మిన రోజు ఫోన్ చేసి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చదివి వినిపించి, కౌలు కింద కొంత పంపేవాడు. 2016లో బాపు చనిపోయాడు. తర్వాత ఏడాది, 2017లో కూడా అమ్మ ఖాతాలో కౌలు పడింది. ఆ తర్వాత ఆగిపోయింది. 2018లో కొత్త పాసుబుక్కులు ఇస్తున్నారని తెలిసి అడిగితే "మీది కూడా రాయించిన, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు పెద్దబాపు.

ఈ మధ్య అమ్మ పేరు మీద విరాసత్ (వారసత్వంగా పట్టా మార్పు) చేయించడానికి మీసేవకు పోతే, ఆ సర్వే నంబరులో పెద్దబాపు కొడుకు పేరు వచ్చింది. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించాం. 2013లో మా బాపు ఆ కొడుక్కు అమ్మినట్టు సేల్ డీడ్ ఉంది. నకలు తీసుకొని చూస్తే ఫోటోలో ఉన్న మనిషి బాపు కాదు. సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది.

మా బాపు ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. భివండిలో బ్యాంకువాళ్లు ఇంగ్లీషులో సంతకం చెయ్యమంటే "నా పేరు నేను తెలుగులనే రాస్త" అని రాసి వచ్చిన మనిషి. ఎక్కడా వేలిముద్ర పెట్టలేదు. ఆయన ఫోటో, సంతకం ఉన్న పాత పాసుబుక్ ఇప్పటికీ అమ్మ దగ్గరే ఉంది. ఆ నకలు చూసినప్పుడు భూమి పోయిందన్న బాధ కంటే, ఎవరినో తెచ్చి బాపు అని నిలబెట్టారన్న బాధే నాకు ఎక్కువ అనిపించింది.

పెద్దమనుషుల్లో కూర్చుంటే పది లక్షలు తీసుకొని అందరూ సంతకాలు పెట్టండి అన్నారు. పెళ్లయిన ఆడపిల్లవు, నీకెందుకు ఈ పంచాయితీ అని నన్ను అడిగారు. తమ్ముడు భివండిలో ఉన్నాడు, గొడవలంటే భయపడతాడు. అమ్మ ఇంటి పరువు అంటోంది. పార్కు వచ్చాక ధరలు పెరిగి, ఇప్పుడు అక్కడ ప్లాట్లు చేస్తారట. తహసీల్దార్ ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయగలడా? 2013 నాటిది కాబట్టి గడువు దాటిపోయిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సంపేట రైతు:

అక్కా, ముందు ఒక మాట. పెద్దమనుషుల కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు, అమ్మ చేత కూడా పెట్టనివ్వొద్దు. మా చిన్నాయిన అట్లనే "రాజీ కాగితం" అంటే పెట్టాడు. అందులో పాత రిజిస్ట్రేషన్‌ను ఒప్పుకున్నట్టు ఒక లైన్ ఉంది. తర్వాత కోర్టులో ఆ ఒక్క లైన్ మీదే మా పని చెడింది.

2013కు ముందు పహాణీలు (ఏటేటా సాగు వివరాల రికార్డు), 1బి (పట్టాదారు ఎవరో చూపే రికార్డు), 1996 దస్తావేజు నకలు అన్నీ తెచ్చుకోండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వండి, ఆయన రద్దు చేయిస్తాడు.

రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, హనుమకొండ:

పై తమ్ముడు చెప్పిన కాగితాల మాట సరైనది. ప్రజావాణి మాట మాత్రం కొంచెం సరిచేయాలి. దరఖాస్తు ఇవ్వండి, తప్పులేదు, తేదీతో ఒక రికార్డు ఉంటుంది. కానీ అది తిరిగి తహసీల్దార్ బల్ల మీదికే వస్తుంది. ఒకసారి రిజిస్టరైన సేల్ డీడ్‌ను తహసీల్దార్ గానీ కలెక్టర్ గానీ సబ్ రిజిస్ట్రార్ గానీ మోసం జరిగిందని రద్దు చేయలేరు. అది సివిల్ కోర్టు పని. ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, ఈ మాట చివర్లో విన్నవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. మీరు ఆ తిరుగుడులో పడొద్దు.

2020 అక్టోబర్ 29న ధరణి (భూరికార్డుల ప్రభుత్వ పోర్టల్) వచ్చినప్పుడు 2018 నాటి రికార్డే అందులోకి ఎక్కింది. అప్పట్లో తప్పు జరిగితే పై అధికారికి అప్పీలు చేసే దారి కూడా సరిగా లేదు. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది, ఆర్డీవోకు, కలెక్టర్‌కు అప్పీళ్లు మళ్లీ పెట్టారు. కానీ అవి రికార్డులో పేరు వరకే. పాసుబుక్‌లో పేరున్నంత మాత్రాన హక్కు రాదు, పేరు లేనంత మాత్రాన పోదు. కోర్టు డిక్రీ తెస్తే దాని ప్రకారం రికార్డు మారుస్తారు.

ప్లాట్లు అన్నారు కాబట్టి ఇంకొకటి. నాలా కింద వ్యవసాయేతర భూమిగా మారిస్తే, ఆ తర్వాతి రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ దగ్గర కాదు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర జరుగుతాయి. రెండు చోట్లా కన్నేసి ఉంచండి. కోర్టు ఆర్డర్ చేతికి రాగానే రెండు ఆఫీసుల్లోనూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

జగిత్యాల దుబాయ్:

నేను వేరే మాట చెప్తా, కోపం వద్దు. మా నాన్న ఇట్లాంటి కేసే వేసి తీర్పు వినకుండానే పోయాడు. వాయిదాలకు దుబాయ్ నుంచి నేను పైసలు పంపడం, ఊళ్లో మాటలు లేకపోవడం, చెల్లె పెళ్లికి పెద్దనాన్నవాళ్లు రాకపోవడం. పది కాకుండా ఎక్కువ అడిగి తీసుకొని ప్రశాంతంగా ఉండండి.

సంగెం ఆడబిడ్డ:

అన్నా, మీ నాన్నగారి సంగతి చదివి బాధేసింది. రాజీ వద్దని నేను అనను. కానీ మా బాపు అమ్మలేదని ముందు వాళ్లు ఒప్పుకోవాలి. బాపు 2013లోనే అమ్మేశాడన్న అబద్ధం మీద మేం సంతకాలు పెడితే, రేపు నా పిల్లలు కూడా తాత భూమి అమ్ముకున్నాడనే అనుకుంటారు. ఎన్ని లక్షలిచ్చినా దానికి నేను ఒప్పుకోను.

కోర్టు దారి, వరంగల్:

నేను ఇక్కడ సివిల్ కేసులు చూస్తాను. అమ్మా, మీరు ప్రశ్నలో మామూలుగా రాసేసిన ఒక వాక్యం చాలా విలువైనది. 2017లో కూడా మీ అమ్మగారి ఖాతాలో కౌలు పడింది అన్నారు. 2013లోనే కొడుకు పేరు మీద కొనుక్కున్న భూమికి 2017లో తండ్రి కౌలు ఎందుకు కడతాడు? నేనైతే కేసు ఇక్కడి నుంచే మొదలుపెడతాను. పైగా కౌలు ఇచ్చినంత కాలం ఆ సాగు మీ అనుమతితో జరిగినట్టే. వ్యతిరేక స్వాధీనం (అనుమతి లేకుండా పన్నెండేళ్లు సాగులో ఉన్నాం కాబట్టి భూమి మాదే అనే వాదన) అంటూ వాళ్లు లెక్క చెప్పినా, 2013 నుంచి లెక్కపెట్టడం కష్టం.

గడువు విషయం. దస్తావేజు రద్దు కోరడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 59 ప్రకారం మూడేళ్లు. అది దస్తావేజు రాసిన రోజు నుంచి కాదు, అసలు సంగతి మీకు తెలిసిన రోజు నుంచి. రిజిస్టరైందంటే అందరికీ తెలిసినట్టే అని ఎదుటి లాయరు తప్పకుండా వాదిస్తాడు. అందుకే ఈసీ, నకలు తీసుకున్న రశీదులు, మీసేవ దరఖాస్తు భద్రంగా పెట్టండి, ఆలస్యం చేయకండి. హక్కు ప్రకటన, స్వాధీనం, ఆ దస్తావేజు చెల్లదన్న ప్రకటన కలిపి దావా వేయాలి. దాంతోపాటే అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. దావా వేశాక ఎవరు కొన్నా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం తీర్పుకు కట్టుబడాల్సిందే.

వేలిముద్ర పోల్చడానికి మీ బాపు అసలు వేలిముద్ర కావాలి. ఆధార్‌లోవి ఇవ్వరు, చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఫోటో, పాత పాసుబుక్ సంతకం, భివండి బ్యాంకు సంతకాలు, దస్తావేజు మీద సాక్షులుగా ఉన్న ఇద్దరు మీకు ముఖ్యం. పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి. నేరం 2013 నాటిది కాబట్టి పాత ఐపీసీ సెక్షన్లే, 419, 420, 467, 468, 471. ఒకరి స్థానంలో ఇంకొకరు నిలబడి రిజిస్ట్రేషన్ చేయించడం రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 82 కింద కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష.

ఆడపిల్లవు అన్నవాళ్లకు ఒకటి చెప్పండి. తండ్రి స్వార్జితంలో వీలునామా లేకపోతే భార్య, కొడుకు, కూతురు సమాన వారసులు. పెళ్లితో సంబంధం లేదు. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సహాయం ఉంది. ఫోన్ 15100.

నాకు ఒక్కటి కావాలి. బాపు పోయేనాటికి మీ నాయనమ్మ బతికున్నారా?

సంగెం ఆడబిడ్డ:

ఉన్నది సార్. 2019లో చనిపోయింది. నాయనమ్మకు పెద్దబాపు, మా బాపు, కరీంనగర్‌లో ఉన్న మేనత్త, ముగ్గురే పిల్లలు. ఫోటోలో ఉన్నది తన తమ్ముడు కాదని ఎక్కడైనా చెప్తానని మేనత్త అంటోంది.

కోర్టు దారి, వరంగల్:

అయితే దావాలో ఇది దాచకండి. కొడుకు ఆస్తిలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. డెబ్బై గుంటల్లో ఆమెకు నాలుగో వంతు, పదిహేడున్నర గుంటలు. వీలునామా రాయకపోతే ఆమె తర్వాత అది మూడు భాగాలు: మీ పెద్దబాపుకు ఒకటి, మేనత్తకు ఒకటి, మీకూ మీ తమ్ముడికీ కలిపి ఒకటి. అంటే మీ పెద్దబాపుకు న్యాయంగా ఆరు గుంటల లోపు వస్తుంది. దాన్ని మీరే ముందుగా రాస్తే కోర్టుకు మీ మీద నమ్మకం పెరుగుతుంది. మేనత్త సాక్షి మాత్రమే కాదు, హక్కుదారు కూడా. ఆమెను పార్టీగా చేర్చాలి.

అన్నిటికంటే ముందు బ్యాంకుకు వెళ్లి 2013 నుంచి 2017 వరకు అమ్మ ఖాతా స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోండి. పాత లెక్కలు బ్యాంకులు ఎప్పటికీ ఉంచవు.

సంగెం ఆడబిడ్డ:

అమ్మకు మొత్తం చదివి వినిపించాను సార్. పెద్దబాపుకు వచ్చే గుంటలు ఆయనకే ఇద్దాం అంది, మిగతాది మాత్రం వదలొద్దు అంది. ఆమె అట్లా అనడం ఇదే మొదలు. ఖాతా భివండి బ్రాంచిలో ఉంది, తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేశాను, స్టేట్‌మెంట్ తీసుకొని వస్తానన్నాడు. పెద్దమనుషులకు మేం సంతకాలు పెట్టడం లేదని కబురు పంపాం.