జైల్లో ఖైదీ చనిపోతే ‘సహజ మరణం’ అని తేల్చేదెవరు?

చంచల్‌గూడ_పారాలీగల్:
రిమాండ్ ఖైదీని చంచల్‌గూడ జైలు నుంచి గాంధీకో ఉస్మానియాకో తరలించాక చనిపోతే, జైలు నుంచి ‘గుండెపోటు, సహజ మరణం’ అని సమాచారం వస్తుంది. ఆ మాటకు విలువెంత? విచారణ చేయాల్సింది ఆర్డీఓనా, కోర్టా? ఇంటివాళ్లు ముందు ఏం చేయాలి?

మలక్‌పేట_వకీల్:
జైలు పంపేది సమాచారమే, తీర్పు కాదు. కోర్టు రిమాండ్‌లో ఉన్నవాళ్లు చనిపోతే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 196(2) కింద, పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేట్ విచారణ కూడా జరగాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 176(1ఎ), 2006 నుంచి అమల్లో ఉంది. కొత్త సెక్షన్లో ఉత్త ‘మేజిస్ట్రేట్’ అనే ఉందని, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అయిన ఆర్డీఓతో సరిపెట్టాలని చూస్తారు. సెక్షన్ 3 చూపించండి: విశేషణం లేకుండా మేజిస్ట్రేట్ అంటే జ్యుడీషియల్ మేజిస్ట్రేటే.

అసలు దెబ్బ తగిలేది శవ పంచనామా దగ్గర. మార్చురీ బయట, ఏడుపుల మధ్య, ‘మాకెవరి మీదా అనుమానం లేదు’ అని రాసున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకుంటారు. తర్వాత ప్రతి అధికారీ దాన్నే చూపిస్తాడు. చదివి వినిపించకుండా సంతకం చేయొద్దు. అనుమానం ఉంటే అదే రోజు మేజిస్ట్రేట్‌కూ, పోలీసులకూ రాసిచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. జైలు మరణాల్లో ప్రతి పోస్టుమార్టానికీ వీడియో తీయరు. పంచనామాలో అనుమానం కలిగితేనో, ఫిర్యాదు ఉంటేనో తీయాలన్నది జాతీయ మానవ హక్కుల కమిషన్ సూచన. అందుకే ఆ కాగితం పోస్టుమార్టం కంటే ముందే చేరాలి.

ఫోరెన్సిక్_నోట్స్:
గుండెపోటు అంటున్నారంటే గుండెను హిస్టోపాథాలజీకి (కణజాల పరీక్షకు) పంపారా అని అడగండి. రసాయన పరీక్షకు విసెరాను (లోపలి అవయవాల ముక్కలను) ఉప్పు ద్రావణంలో పెట్టి రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్)కు పంపుతారు. కణజాల పరీక్షకు మాత్రం 10 శాతం ఫార్మలిన్ కావాలి. అన్నీ ఉప్పులోనే వేస్తే గుండె గురించి చెప్పడానికి ఇక ఏమీ మిగలదు.

పోలీసుల దగ్గర్నుంచి జైలుకొచ్చిన కొద్ది రోజులకే చనిపోతే వీపు, పిరుదులు, అరికాళ్లు కోసి చూడాలి. లోతుగా కమిలిన దెబ్బలు చర్మం మీద కనబడకపోవచ్చు. జైల్లో చేర్చుకునేటప్పుడు రాసిన ఆరోగ్య పరీక్ష పత్రాన్ని పోస్టుమార్టం రిపోర్టు పక్కన పెట్టి చదవండి. మొదటి దాంట్లో ‘గాయాలు లేవు’ అని ఉండి రెండోదాంట్లో పాత గాయాలుంటే, ఎవరో ఒకరు చూడకుండా రాశారన్నమాట.

చంచల్‌గూడ_పారాలీగల్:
సీసీటీవీ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా?

మలక్‌పేట_వకీల్:
2020 నాటి ఆ తీర్పు పోలీస్ స్టేషన్లు, దర్యాప్తు సంస్థల ఆఫీసుల గురించి. జైలు ఫుటేజీకి దాన్ని నమ్ముకుని కూర్చోకండి, వెంటనే భద్రపరచమని మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయండి. జైలు ఓపీ రిజిస్టర్, ఆస్పత్రికి రాసిన రిఫరల్, ఎస్కార్ట్ అడిగిన సమయం, గేటు దాటిన సమయం కూడా అందులోనే కోరండి. చికిత్సలో ఆలస్యం బయటపడేది ఆ చివరి రెండు సమయాల మధ్యే.

లెక్కల_పిచ్చి:
చిన్న చేర్పు. జైలు మరణాలకు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) అంకెలు, మానవ హక్కుల కమిషన్ అంకెలు కలవవు. మొదటిది క్యాలెండర్ ఏడాది, రెండోది ఆర్థిక సంవత్సరం. ఎన్‌సీఆర్‌బీ పట్టికలో జబ్బు, వృద్ధాప్యం ‘సహజం’ కిందకే వస్తాయి, కాబట్టి వైద్యం అందక పోయినవాళ్లు కూడా అక్కడే కలిసిపోవచ్చు. కమిషన్‌కు వెళ్లాలంటే ఏడాది లోపే. రాష్ట్ర కమిషన్‌లో ముందే కేసు నడుస్తుంటే జాతీయ కమిషన్ దాన్ని విచారించదు, ఎక్కడికి వెళ్లాలో ముందే ఆలోచించుకోండి.