అప్‌డేట్: వంగిన గిటార్ నెక్ తిన్నగా అయింది, ఆవిరి లేకుండానే

మా నాన్న పాత అకౌస్టిక్ గిటార్ నెక్ (తీగల కింద ఉండే పొడుగాటి పిడి) ముందుకు వంగింది, కుక్కర్ ఆవిరి పట్టి తిన్నగా చేయొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ఆవిరి జోలికి పోకండి, పొడి వేడి పెట్టించండి" అన్నవారి మాటే పనిచేసింది.

తిరుపతిలో వీణలు, గిటార్లు బాగుచేసే ఒక మేస్త్రీ గారికి చూపించాను. స్కేలు ఆనించి చూశారు. నెక్ లోపల ట్రస్ రాడ్ (వంపు సరిచేసుకోవడానికి ఉండే లోహపు కడ్డీ) లేదు, కాబట్టి దాన్ని అలెన్ కీతో తిప్పమని కొందరిచ్చిన సలహా దీనికి వర్తించలేదు. తీగలు తీసేసి, నెక్‌ను ఇనుప పట్టీకి క్లాంపులతో బిగించి, వంపుకు ఎదురు దిశలో కాస్త ఎక్కువగానే వంచి, ఫింగర్‌బోర్డు (నెక్ మీద అతికించిన, వేళ్లతో తీగలు నొక్కే పలక) వైపు నుంచి వేడి పెట్టారు. వేడికి దాని కింది జిగురు మెత్తబడి కొద్దిగా జారుతుంది. పూర్తిగా చల్లారేదాకా క్లాంపులు విప్పకుండా ఉంటే కొత్త స్థితిలోనే పట్టుకుంటుంది. అసలు కిటుకంతా ఆ చల్లారనివ్వడంలోనే ఉందన్నారు. ఆవిరైతే చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ వంగొచ్చు, పాలిష్ తెల్లబడొచ్చు, బాడీ దగ్గర అతుకూ వదలొచ్చు. నిజానికి నెక్ ఊడదీయాల్సి వచ్చినప్పుడు ఆ అతుకులోకే ఆవిరి పంపుతారట!

12వ ఫ్రెట్ (ఫింగర్‌బోర్డు మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగ ఎత్తు 5 మి.మీ. ఉండేది, ఇప్పుడు 3 లోపే. బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే భాగం) మార్చాల్సిన పని పడలేదు. లైట్ గేజ్ (సన్నని) తీగలే వేయమన్నారు. మన ఎండల్లో గిటార్‌ను కారులో మాత్రం వదలకండి. ఇలాంటి నెక్‌లు కొన్నాళ్లకు మళ్లీ కొంచెం వంగే అవకాశం ఉందట, అలా అయితే ఇక్కడే రాస్తాను.