అప్‌డేట్: కమ్యూనిటీ కాలేజీ, గ్రీన్ కార్డు – మెటీరియల్స్ సైన్స్ ఆర్‌ఈయూ సీటు వచ్చింది

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చదివే మా మేనకోడలికి మెటీరియల్స్ సైన్స్‌లో వేసవి రీసెర్చ్ అవకాశం దొరుకుతుందా అని అడిగాను కదా, దొరికింది. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చిన సలహా ఒకటే: ప్రొఫెసర్లకు విడివిడిగా మెయిళ్లు పెట్టడం మానేసి, ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా ప్రభుత్వ సైన్స్ నిధుల సంస్థ) నిధులతో నడిచే ఆర్‌ఈయూలకు, అంటే డిగ్రీ విద్యార్థుల వేసవి రీసెర్చ్ ప్రోగ్రాములకు, ముఖ్యంగా ఎంఆర్‌సెక్ సెంటర్లు (యూనివర్సిటీల్లో ఎన్‌ఎస్‌ఎఫ్ నిధులిచ్చే మెటీరియల్స్ రీసెర్చ్ కేంద్రాలు) నడిపేవాటికి అప్లై చెయ్యమన్నది. పౌరసత్వం గురించిన టెన్షన్ అనవసరం, గ్రీన్ కార్డు చాలు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) గురించి అడిగిన తమ్ముడూ, నీకు మాత్రం ఎన్‌ఎస్‌ఎఫ్ స్టైపెండ్ రాదు.

సైన్స్‌లో తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవాళ్లుగా ఏషియన్లను లెక్కపెట్టరని కొందరన్నారు. ఆ చర్చ మాకు అడ్డే రాలేదు. రీసెర్చ్ సౌకర్యాలు పెద్దగా లేని కాలేజీల పిల్లల్ని తీసుకోవడం కూడా ఈ ప్రోగ్రాముల ఉద్దేశమే. ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి తనే అన్న సంగతి అప్లికేషన్ వ్యాసంలో సూటిగా రాసింది. జీఆర్‌ఈ స్కోరు, అచ్చైన రీసెర్చ్ పేపర్లు ఎవరూ అడగలేదు. కెమిస్ట్రీ ల్యాబ్ మేడమ్ ఇచ్చిన సిఫార్సు ఉత్తరమే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

ఇప్పుడు తనకి పెరోవ్‌స్కైట్ (సోలార్ సెల్స్‌లో వాడే ఒక రకం పదార్థం) పొరల మీద పని. తేమ తగిలి పొర చెడితే, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (ఏ పదార్థం ఉందో ఎక్స్‌రేలతో పట్టే పరీక్ష) లెడ్ అయొడైడ్ పీక్ ఎలా లేస్తుందో ఫోన్‌లో నాకే పాఠం చెబుతోంది! ఈ ఆర్‌ఈయూలు సాధారణంగా 10 వారాలు ఉంటాయి. అప్లికేషన్ గడువులు చాలావరకు జనవరి, ఫిబ్రవరిలోనే, ఒక్కో సైట్‌కి ఒక్కో తేదీ.