గుడ్డివాడా, గుడ్డాయనా, కాననివాడా? ఒక అనువాదంలో ఆగిపోయిన మాట

మూడు వారాలుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అరుదైన మాట కూడా కాదు, "గుడ్డి". గ్రూపులో పెద్దలున్నారు కదా, మీ ముందు పెడుతున్నాను. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

రేమండ్ కార్వర్ కథ "కెథీడ్రల్" తెలుగు చేస్తున్నాను. 1981లో అమెరికాలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వచ్చిన కథ. చదవనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. కథ చెప్పే మనిషి భార్యకి ఒక పాత స్నేహితుడున్నాడు, చూపు లేదు. ఆమె ఒకప్పుడు ఆయనకి కాగితాలు చదివిపెట్టే ఉద్యోగం చేసింది. తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరూ టేపులు రికార్డు చేసి పంపుకున్నారు. భార్య పోయిన ఆ స్నేహితుడు ఇప్పుడు ఒక రాత్రి వీళ్ళింట్లో ఉండటానికి వస్తున్నాడు. ఇంటాయనకి అది ఇష్టం లేదు. చూపులేని వాళ్ళ గురించి అతనికి తెలిసిందంతా సినిమాల్లో చూసిందే. రాత్రి టీవీలో కెథీడ్రల్స్ మీద, అంటే పెద్ద పెద్ద చర్చిల మీద, ఏదో ప్రోగ్రాం వస్తుంది. అదెలా ఉంటుందో అతిథికి చెప్పబోతే మాటలు చాలవు. అడుగున ఉల్లిపొట్టు ఉన్న ఒక కాగితం సంచి తెచ్చి, దాన్ని చదును చేసి, ఇద్దరూ బొమ్మ గీస్తారు. ఇంటాయన చేతి మీద అతిథి చెయ్యి ఉంటుంది.

కళ్ళున్నది ఎవరికి, కనపడనిది ఎవరికి అన్నది చదివినవాళ్ళందరికీ తెలుస్తుంది. నా తిప్పలు దానితో కాదు, సర్వనామంతో.

ఇంగ్లీషులో "హి" అంటే సరిపోతుంది. వాడా, అతనా, ఆయనా అని రచయిత తేల్చుకోనక్కర్లేదు. తెలుగులో మొదటి వాక్యంలోనే తేలిపోవాలి. తేలిందా, ఆ ఇంటాయన ఎలాంటివాడో పాఠకుడికి అక్కడే తెలిసిపోతుంది. కార్వర్ పది పేజీలు దాచిపెట్టినదాన్ని నేను ఒక్క "డు"తో బయటపెట్టేస్తాను.

మొదటి డ్రాఫ్టులో "అంధుడు" అని రాశాను. చచ్చిన మాట. పాఠశాల బోర్డు మీద ఉంటుంది, పేపర్లో ఉంటుంది, ఇంట్లో సోఫాలో కూర్చుని గ్లాసు చేత్తో పట్టుకున్నవాడి నోట్లో ఉండదు. "దివ్యాంగుడు" అని సూచించిన మిత్రుడికి ఒక నమస్కారం. ఈ ఇంటాయనకి అంత సంస్కారమే ఉంటే కార్వర్‌కి కథ దొరికేది కాదు. "దృష్టిలోపం ఉన్న వ్యక్తి" అంటే సర్టిఫికెట్ చదువుతున్నట్టుంది.

రెండో డ్రాఫ్టులో "గుడ్డివాడు" అన్నాను. ఈసారి ఇంటాయన విలన్ అయిపోయాడు. ఇంటికొచ్చిన అతిథిని, అందులోనూ భార్య తరఫు మనిషిని, కథ పొడుగునా "వాడు" అనే మగాడు తెలుగు కథలో ఎవరికీ నచ్చడు. కార్వర్ మనిషి అలాంటివాడు కాదు. దుర్మార్గం లేదు, ఊహ లేదు, అంతే.

మూడో డ్రాఫ్టుకి "గుడ్డాయన" దొరికింది. చిన్నప్పుడు నల్లకుంటలో మా గల్లీకి అగరొత్తులు అమ్మే ఒకాయన వచ్చేవారు. అందరూ గుడ్డాయన అనే అనేవాళ్ళు. అమ్మ కూడా అంతే, "గుడ్డాయన వచ్చాడు, రెండు కట్టలు తీసుకో" అనేది. ముందు సగంలో తిట్టు, వెనక సగంలో మర్యాద. పేరేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కార్వర్ కథలో ఇంటాయన కూడా అతిథిని పేరుతో తలుచుకోవడం తక్కువే, ఎక్కువసార్లు ఆ ఒక్క విశేషణమే. అందుకే ఈ మాట అతికినట్టు సరిపోయిందనుకున్నాను.

అనుకుని, కింది ఫ్లాట్ అతనికి చదివి వినిపించాను. బ్యాంకులో పనిచేస్తాడు, పుట్టినప్పటినుంచి చూపు లేదు. ఫోన్లో తెర చదివే గొంతుని ఎంత స్పీడులో పెట్టుకుంటాడంటే, నాకు అందులో ఒక్క మాట అర్థం కాదు. కథ మధ్యలో ఒకచోట గట్టిగా నవ్వాడు. అతిథికి గడ్డం ఉండటం చూసి ఇంటాయన ఆశ్చర్యపోయే చోటు అది. "గడ్డం పెంచుకోవడానికి కండ్లెందుకన్నా? గీసుకోవడానికీ అక్కర్లేదు" అన్నాడు. అంతా అయ్యాక అడిగాను, గుడ్డాయన అన్న మాట ఇబ్బందిగా ఉందా అని.

"మాటకేమైంది అన్నా, మంచిగనే ఉంది. కాని ఆ మాట వచ్చినప్పుడల్లా మీ గొంతు తగ్గుతున్నది. ఇరవై సార్లు తగ్గింది."

లెక్క పెట్టాడు కూడా! నేను మూడు వారాలు ఇంటాయన నోటికి మాట వెతుకుతున్నాననుకున్నాను. వెతికింది నా మొహమాటానికి.

ఇక అసలు చర్చకి. "గుడ్డి" తెలుగులో ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. గుడ్డిదీపం, గుడ్డివెలుగు అన్నప్పుడు మసక, అంతవరకు సరే. గుడ్డి నమ్మకం, గుడ్డిగా సంతకం పెట్టడం, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, వీటన్నిటిలో లేనిది చూపు కాదు, తెలివి. "గుడ్డిలో మెల్ల" అని సర్దుకుంటాం, మెల్లకన్ను ఉన్నవాళ్ళు వింటున్నారేమో చూసుకోం. "కళ్ళకు పొరలు కమ్మాయి" అంటాం. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి నిజంగానే పొరలు కమ్మాయి, పాపం వాళ్ళు ఎవరినీ మోసం చేయలేదు.

అదే "చూడు" దగ్గరికి వస్తే తెలుగు ఎంత ఉదారంగా ఉందో. రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి చూస్తాం, చేసి చూస్తాం, అడిగి చూస్తాం, పిల్లల్ని చూసుకుంటాం. వీటిలో కంటికి పనే లేదు. కథ చివర్లో అతిథి గీతల మీద వేళ్ళు పోనిస్తాడు కదా, అక్కడ "తడిమి చూశాడు" అని రాశాను. ఇంకే మాటా తోచలేదు, అక్కర్లేదు కూడా. వేళ్ళు చూడటం మన వాక్యంలో అలంకారం కాదు, మామూలు క్రియ. మూడు వారాల్లో అనువాదం నాకు ఇచ్చిన ఒకే ఒక్క లాభం ఇది.

మిత్రులొకరు పోతన పద్యం గుర్తు చేశారు. ప్రహ్లాదుడు తండ్రితో అనేది:

కాననివాని నూతఁగొని కాననివాఁడు విశిష్టవస్తువుల్
గాననిభంగిఁ గర్మములు గైకొని కొందఱు కర్మబద్ధులై
కానరు విష్ణు...

సంస్కృత భాగవతంలో ఇక్కడ "అంధా యథాంధైరుపనీయమానాః" అని ఉంటుంది. గుడ్డివాళ్ళని గుడ్డివాళ్ళు నడిపించుకుపోవడం. కఠోపనిషత్తులోనూ ఇలాంటి మాటే ఉంది. పోతన రెండు పనులు చేశారు. అంధుణ్ణి వదిలి "కాననివాడు" అన్నారు, నడిపించడాన్ని వదిలి "ఊత" అన్నారు. మొదటి పాదంలో కానకపోవడం కంటిది, మూడో పాదంలో కానకపోవడం బుద్ధిది, క్రియ మాత్రం మారలేదు. ఒక్క ధాతువు ప్రాసస్థానంలో కూర్చుని బయటి నుంచి లోపలికి జారిపోయింది. అయితే ఇక్కడ కూడా చూపులేనివాడు ఉపమానానికే పనికొచ్చాడు. "అంధేందూదయముల్" అన్న పద్యంలోనూ అంతే, గుడ్డివాడికి చంద్రోదయం దండగ అని. పద్యం గొప్పదే, నాకు కంఠస్థం కూడా. కింది ఫ్లాట్ అతనికి మాత్రం ఇది వినిపించలేదు.

"కానని" గ్రాంథికం, కథకి పనికిరాదు అన్నారు ఇంకొకరు. ఒప్పుకోను. మొన్న సికింద్రాబాద్ స్టేషన్ ముందు బస్టాపులో ఒక ముసలాయన నా మోచెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఏం నంబరు బస్సిది? కానొస్తలేదు" అన్నాడు. ఆయన బస్సెక్కిన రెండు నిమిషాలకి, రాంగ్ రూటులో వచ్చిన బైకు కుర్రాడు నన్నే అరిచాడు: "కండ్లు కానొస్తలేవా?" ఒకటి కంటి మాట, ఒకటి తిట్టు, క్రియ ఒకటే. పోతన పద్యంలో జరిగిందే, చెమటా హారన్లూ అదనం.

కాబట్టి నాలుగో డ్రాఫ్టు ఇలా ఉంది. మొదట్నుంచీ "గుడ్డాయన". ఇంటాయన చేతి మీద ఆయన చెయ్యి పడ్డ వాక్యం నుంచి వట్టి "ఆయన". ఎక్కడా ఎత్తి చూపను, పాఠకుడు గమనించకపోయినా ఫరవాలేదు. అతిథి ఇంటాయనని "బబ్" అని పిలుస్తాడు, దానికి "బాబూ" అన్నది భాష మనకి ఉచితంగా ఇచ్చిన కానుక.

మిగిలింది చివరి మాట. బొమ్మ అయ్యాక, చూస్తున్నావా అని అతిథి అడుగుతాడు. ఇంటాయన కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు. అలాగే ఉండి ఒక పొట్టి మాట అంటాడు, ఇంగ్లీషులో అందులో "సంథింగ్" తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు. "అద్భుతం" అంటే టీవీ యాంకర్ అయిపోతాడు. "బాగుంది" అంటే కూర గురించి అన్నట్టుంది. "ఏదో ఉంది ఇందులో" అని రాసి కొట్టేశాను, దెయ్యం సినిమాలా ఉంది. కింది ఫ్లాట్ అతన్ని అడిగితే, "అంత టెన్షన్ ఎందుకన్నా, 'అబ్బ' అను చాలు" అన్నాడు. ప్రస్తుతానికి అదే ఉంది. ఇంతకన్నా మంచిది తడితే కింద రాయండి.