అప్‌డేట్: పాపను బడికి పంపకపోతే కేసవుతుందా?

సిలబస్ లేకుండా, పాప ఇష్టాన్ని బట్టే ఇంట్లో నేర్చుకోనిస్తే చట్టం ఒప్పుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే లాయర్‌ని కలిసి 2009 విద్యాహక్కు చట్టం చదివాం. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యతని సెక్షన్ 10 చెబుతుంది. కానీ చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష అని అందులో ఎక్కడా లేదు. సగం టెన్షన్ అక్కడే తీరింది. అలాగని హోమ్‌స్కూలింగ్‌కు అనుమతి ఉందనీ రాయలేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

పాపకు 14 నిండాక ఎన్‌ఐఓఎస్‌లో, అంటే బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయనిచ్చే జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డులో, పదో తరగతి రాయొచ్చు.

ఎవరైనా అడిగితే చూపించడానికి రోజూ తేదీ వేసి నోట్స్ రాస్తున్నాం. నిన్న పాప సైకిల్ గొలుసు తిరిగే రెండు పళ్లచక్రాలకి, పెడల్ దగ్గరి దానికీ వెనక దానికీ, ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టింది. పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ వెనక చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో తనే భాగించి రాసుకుంది. చుట్టాలు భయపెడుతూనే ఉన్నారు, మేం ఆపడం లేదు.