మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చి మన వారసత్వమేనా?

కోరమాండల్:
ఈ చర్చిని తెలుగువాళ్లు కూడా మన వారసత్వం అనడం నాకు మింగుడుపడదు. కోటలో కాపురమున్న ఇంగ్లీషువాళ్లు చందాలేసుకుని 1678లో మొదలుపెట్టి 1680లో పూర్తిచేసుకున్న ప్రొటెస్టెంట్ గుడి అది. అందులో జరిగిన మొదటి పెళ్లి ఎలైహూ యేల్‌ది. ఆయన గవర్నరుగా ఉన్నప్పుడే ఈ రేవు నుంచి బానిసల్ని సెయింట్ హెలీనా దీవికి పంపారు. ఆ దొరల గుడి మనదెలా అవుతుంది?

గుత్తికోట:
యేల్ గురించి మీరన్నది ముమ్మాటికీ నిజం. కానీ అదే కప్పు కింద కంపెనీ దొర థామస్ మన్రో సమాధి కూడా ఉందండీ. 1800 నుంచి 1807 దాకా ఆయన మా దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతానికి, కలెక్టరు. 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పూడ్చారు, 1831లో అస్థికలను ఈ చర్చికి తీసుకెళ్లారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని మా సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటిచోటు మాకు పరాయిదెలా అవుతుంది?

కోరమాండల్:
మన్రో మీద గౌరవం నాకూ ఉంది. కానీ ఆయన అమలుచేసిన రైతువారీలో, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలో, రైతు కట్టిన శిస్తు చేరింది ఈస్టిండియా కంపెనీ ఖజానాకే కదా.

బకింగ్‌హాం కాలువ:
ఇద్దరూ మనుషుల్నే చూస్తున్నారు, ఒకసారి ఆ కట్టడాన్ని చూడండి. ఫిరంగి గుండ్లకు తట్టుకోవాలని కప్పును మందపాటి కమానుగా కట్టారు. తలుపులకూ కిటికీలకూ తప్ప కలప వాడలేదు. ప్రార్థన చేసుకునే చోటును కూడా భయంతో కట్టుకున్నారన్నమాట. 1758-59లో ఫ్రెంచివాళ్లు ముట్టడించినప్పుడు పాత శ్మశానంలోని సమాధుల చాటు నుంచే కోట మీద కాల్పులు జరిపారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ సమాధుల్ని పడగొట్టి, రాతి పలకల్ని తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. ఇప్పుడు ఆవరణలో అడుగేస్తే కాళ్ల కిందే లాటిన్, పోర్చుగీసు అక్షరాలు, ఆర్మేనియన్ల పేర్లు. ఇన్ని జాతులవాళ్లు వచ్చి బతికిన ఊరు మనది. అసలు 1639లో ఇక్కడ కోట కట్టుకోనిచ్చింది కూడా తెలుగు నాయకుడే, దామెర్ల వెంకటాద్రి.

నా మటుకు ఇది మన చరిత్రే, అందులోని చెడుతో సహా. అందుకే యేల్ పెళ్లి ఇక్కడే జరిగిందని గొప్పగా చెప్పే ప్రతి గైడూ బానిసల ఓడల సంగతి కూడా చెప్పితీరాలి.

కోరమాండల్:
ఆ మాటకు ఒప్పుకుంటాను. అలా చెప్పిన రోజున మా పిల్లల్ని నేనే తీసుకెళ్లి చూపిస్తాను.